మరణ నిర్ణయము – అనంతర శారీరక పరిణామములు

ఒక మనుష్యుడు మరణించెనని తెలిసికొనుట మిక్కిలి సులభమని మనము తలంతుము. ముక్కునొద్ద వ్రేలుంచి, నాడి పట్టి చూచి పెద్దలు తల యూపగనే ఏడ్పులు మొదలగును. కాని ఊపిరి కానరాకుండుటయు మరణమును ఒక్కటి కావు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల పొలముల నడుమ నివసించువారు ఈ భేదమును తప్పక ఎరుగవలెను.

కట్లపాము సంగతి చూడుడు. అది రాత్రివేళ నేలపై నిద్రించువారిని కరచును. తరచుగా నొప్పియు వాపును ఉండవు. గాటు సైతము ఒక్కొక్కప్పుడు కనబడదు. దాని విషము నరములనుండి కండరములకు పోవు ఆజ్ఞను అడ్డగించును. మొదట కనురెప్పలు వాలును. పిదప మాట ముద్దయగును, మ్రింగుట కష్టమగును. తుదకు ఊపిరి తీయు కండరములును చచ్చుబడును. కంటిపాపలు విచ్చుకొని వెలుతురునకు చలింపకపోవచ్చును. పిలిచిన పలుకడు, గిచ్చిన కదలడు. చూచువారికి శవమే! అయినను గుండె కొట్టుకొనుచుండవచ్చును, తెలివియు ఉండవచ్చును. అట్టివానికి నోటితో ఊపిరి నూదుచు ఆసుపత్రికి చేర్చి, వెంటిలేటరుపై నుంచి, విరుగుడు మందిచ్చినచో కొన్నిదినములకు లేచి కూర్చుండినవారు కలరు. మంత్రగానికొరకు వేచిన గడియలే ప్రాణములు తీయును. మోటారు వద్ద విద్యుత్తు తగిలినవానిని, చెరువులో మునిగినవానిని గూర్చియు ఇంతే; వైద్యుడు చూచువరకు ఆశ విడువరాదు.

వైద్యుడు ఒక్క గుర్తుతో తృప్తి నొందడు. స్టెతస్కోపుతో గుండె చప్పుడును శ్వాస శబ్దమును కొన్ని నిమిషములపాటు వినును, దీపము వేసి కంటిపాపలను పరీక్షించును, వలసినచో ఈ.సి.జి. తీయును. యంత్రము ఊపిరి నిచ్చుచుండగా మెదడు మాత్రము పూర్తిగా నశించిన స్థితిని 1968లో అమెరికాలోని హార్వర్డు వైద్యుల సంఘము నిర్వచించెను. మన దేశమున అవయవదానము నిమిత్తమై 1994 నాటి చట్టము దానిని మరణముగా అంగీకరించినది. నలుగురు వైద్యులు, ఆరు గంటల ఎడముతో రెండుమారులు పరీక్షింపవలెను. విషము, మత్తుమందు, అతిశీతలము మొదలగు మోసకారణములు లేవని ముందుగా తేల్చుకొనవలెను.

ఇక నిస్సందేహమైన గుర్తులు ఆలస్యముగా వచ్చును. రక్తప్రసరణ ఆగగానే నెత్తురు బరువుచేత క్రిందివైపునకు దిగి, ఒకటి రెండు గంటలలో ఊదారంగు మచ్చలుగా కానవచ్చును. కొన్ని గంటలకు ఆ మచ్చలు స్థిరపడును. శరీరము క్రమముగా చల్లబడును. అయితే మన ఏప్రిలు, మే నెలల ఎండలో బయటి వేడి శరీరపు వేడిని మించినప్పుడు శవము చల్లబడనే చల్లబడదు. శీతలదేశముల గ్రంథములలోని లెక్కలను ఇచ్చట అట్లే నమ్మరాదు!

కొయ్యబారుట విచిత్రమైన మార్పు. కండరము బిగియుటకే గాక సడలుటకును శక్తి కావలెను. ఆ శక్తినిచ్చు ఏ.టి.పి. యను పదార్థము మరణానంతరము తరిగిపోవుటచే కండరములు బిగిసినవి బిగిసినట్లే యుండును. కనురెప్పలు, దవడ, మెడ ముందుగా బిగియును, కాళ్లు తరువాత. మనవారు వెంటనే కన్నులు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాలి బొటనవ్రేళ్లు జతచేసి కట్టుట ఇందుచేతనే సులభమగుచున్నది. ఒకటి రెండు దినములలో ఆ బిగువు వీడును. వేసవిలో ఇంకను త్వరగా వీడును.

పిమ్మట ప్రేవులలోని సూక్ష్మజీవులు విజృంభించును. పొత్తికడుపు కుడివైపున పచ్చని మచ్చ మొదట కనబడును. వాయువులు పుట్టి దేహము ఉబ్బును. చచ్చినవారి గోళ్లు, వెండ్రుకలు పెరుగునను మాట వట్టిది. చర్మము ఎండి ముడుచుకొనుటచే అట్లు తోచును.

మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరు వంటి జలాశయమున పడిన శవము గాలిలోకంటె త్వరగా చల్లబడును గాని మెల్లగా కుళ్లును. గాలిలో వారమునకు కలుగు క్షయము నీటిలో సుమారు రెండు వారములకు, భూమిలో ఎనిమిది వారములకు కలుగునని వైద్యుల స్థూలమైన లెక్క. మొదట మునిగి, లోపల వాయువులు నిండిన పిదప తేలును. పైకి తీసిన తరువాత క్షయము అతివేగమున సాగును గనుక, పంచనామాను, శవపరీక్షను జాగు చేసినకొలది మరణకారణము తెలియుట కష్టమగును.