దీనజనసేవకు చిన్న సంఘములు: జగన్మిత్రమండలి చెప్పు పాఠము

దీనులకు సాయపడవలెనను తలంపు గల పెద్దమనుష్యులు నలుగురు కూడినప్పుడు మొట్టమొదట పుట్టు ప్రశ్న "ధనమెంత కావలెను?" అనునది. చందాల పట్టిక వ్రాయబడును, అధ్యక్షుడు ఎన్నుకొనబడును, సభ ముగియును. ఎవరి కొఱకు సంఘము పెట్టబడుచున్నదో వారిలో ఒక్కరైనను ఆ సభలో కూర్చుండిరా యని మాత్రము ఎవరును అడుగరు. నా యభిప్రాయమున ఇదియే ముందడుగవలసిన ప్రశ్న. ఇందులకు మన హైదరాబాదు చరిత్రయే తగిన పాఠము చెప్పుచున్నది.

1888లో హైదరాబాదున మాల కుటుంబమున జన్మించిన మాదరి భాగయ్య, తరువాత భాగ్యరెడ్డివర్మ యని ప్రసిద్ధికెక్కినవాడు, 1906లో జగన్మిత్రమండలిని స్థాపించెను. అప్పటికి ఆయన వయస్సు 18 ఏండ్లు. హరికథలు, భజనలు, ఉపన్యాసములు: ఇవియే ఆ మండలి సాధనములు. చదువురానివారికి కరపత్రము వలన ప్రయోజనమేమి? హరికథ వినుటకు అక్షరములతో పనిలేదు. సారా మానుడని, పసిబాలికలకు పెండ్లిండ్లు చేయవలదని, ఆడుబిడ్డలను జోగినులుగా విడువవలదని ఆయన తనవారికి బోధించెను. ఇవే మాటలు అగ్రకులపు సంస్కర్త నోట వెలువడినచో నింద వలె వినబడును. వాడలో పుట్టి పెరిగినవాడు చెప్పినప్పుడు అవి ఇంటిమాటలు.

1910 నుండి ఆయన పాఠశాలలు పెట్టనారంభించెను. ఉర్దూ రాజభాషగా నున్న నిజాము రాజ్యమున ఆ బడులలో పిల్లలకు తెలుగున చదువు చెప్పిరి. క్రమముగా వాని సంఖ్య 20కి మించెను. 1911లో మన్యసంఘ మేర్పడెను. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పేర కూడిన సభకు ఆయన అధ్యక్షత వహించి, పంచములను పేరును త్రోసిపుచ్చి, ఆది ఆంధ్రులను పేరును నిలిపెను. 1931 జనాభా లెక్కలలో నిజాము ప్రభుత్వము ఆది హిందువులను పేరును అంగీకరించెను. పేరొకటి మారినంత మాత్రమున కూడు దొరకునా యని కొందఱందురు. తన పేరును తానే పెట్టుకొన్నవాడు ఇతరులు విసరిన కూటికి చేయి చాపునా యని నేనందును.

ఆయన పంచాయతులను కూడ పునరుద్ధరించి, తనవారి తగవులను తమలోనే తీర్పించెను. వకీలు వృత్తిలో నున్న నాకిది రుచింపవలసిన విషయము కాదు! అయినను వాయిదాల కొఱకు కూలి మానుకొని కచ్చేరి చుట్టు తిరుగువారిని ప్రతిదినమును చూచుచున్న నేను దీనిని మెచ్చకుండ జాలను.

ఇక మన కాప్రా మాట. చెరువు నానుకొనియున్న యీ గ్రామ పరిసరములు, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపితమైన పిమ్మట కాలనీలతో నిండినవి. ప్రత్యేక పురపాలకముగా నున్న కాప్రా 2007లో మహానగరపాలికలో కలిసిపోయెను. కాలనీల ప్రక్కన బస్తీలు కూడ పెరిగినవి. మన ఇండ్లలో అంట్లు తోమువారు, మన గోడలు కట్టినవారు అచ్చటనే యున్నారు. వీరికి తగిన చిన్న సంఘము పొదుపు సంఘము. 10 మొదలు 20 మంది వఱకు స్త్రీలు కూడి, నెల నెల కొంత సొమ్ము వేసికొని, అవసరమైనవారికి తామే అప్పిచ్చుకొందురు. 1992లో నాబార్డు 500 సంఘములను బ్యాంకులతో కలుపుటకు ప్రయోగము ప్రారంభించెను. నేడు అట్టివి దేశమున లక్షల కొలది గలవు. ఈ సంఘములకు తాకట్టు అక్కఱలేదు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి వడ్డీవ్యాపారి తలుపు తట్టవలసిన పనియు తగ్గును. ఎవరి కష్టము నిజమో, ఎవరి మాట నమ్మదగినదో ప్రక్కయింటివారికి తెలిసినట్లు బ్యాంకు గుమాస్తాకు తెలియునా?

దోషమును దాచరాదు. నెలవారీ పొదుపు కట్టలేని నిరుపేదను ఇరుగుపొరుగువారే సంఘమున చేర్చుకొనరు. నిన్న వచ్చిన వలసకూలి, వికలాంగురాలు, ఒంటరి వృద్ధురాలు వెలుపలనే నిలుతురు. ఇట్టివారికి పింఛనును, వైద్యమును సమకూర్చుట ప్రభుత్వము విధి. చిన్న సంఘము ఆ భారమును మోయజాలదు. జగన్మిత్రమండలి నాటి బడులను సైతము తుదకు ప్రభుత్వమే తన నిర్వహణలోనికి తీసికొనెను. అయినను దరఖాస్తు వ్రాసిపెట్టి, కచ్చేరికి తోడు వెళ్లుట సంఘమునకు సాధ్యమే.

మా పొరపాటును కూడ చెప్పుకొనవలెను. ఇండ్లలో పనిచేయు వితంతువుల కొఱకు మిత్రులము కొందఱము సంఘమొకటి పెట్టితిమి. 2001 నాటి సంఘముల నమోదు చట్టము ప్రకారము ఏడుగురు సభ్యులు చాలును. నియమావళిని నేనే వ్రాసితిని, ఏడుగురమును కాలనీవారమే. కుట్టుయంత్రములు కొని పంచితిమి. ఏడాదికి చూడగా అవి దుమ్ము పట్టియుండెను. వారికి కావలసినది తెల్లవారుజామున పనికి వెళ్లునప్పుడు పసిబిడ్డలను కనిపెట్టియుండు తావు. మేమడిగినచో మొదటిదినమే చెప్పియుండెడివారు.

పిమ్మట నియమావళిని మార్చితిమి. కార్యవర్గమున సగము మంది ఆ స్త్రీలే. సభ రాత్రి 8 గంటలకు, వారి పనులు ముగిసిన తరువాత, బస్తీలోనే జరుగును. చదువురానివారుందురు గనుక లెక్కలను బిగ్గరగా చదువుదురు. కోశాధికారిణి మూడిండ్లలో పనిచేయు స్త్రీ. గత సభలో ఆమె 40 రూపాయల తేడా చూపి, "ఇదెక్కడికి పోయె నయ్యా?" అని నన్నడిగెను. వెదకగా అది నా కూడికలో తప్పు.