త్రాటి చివర ప్రాణము

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు పూర్వపు కృష్ణా జిల్లాలోని మెట్టసీమ. 2022వ సంవత్సరమునుండి ఇవి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. విద్యుత్ పంపులు రాకపూర్వము ఇచ్చటి రైతులు మోటబావులతో పైరులకు నీరు తోడెడివారు. ఎడ్లు పల్లమునకు దిగుచుండగా, తోలువాడు మోకుపై కూర్చుండెడివాడు. మోకు తెగినచో ఎడ్లు ముందునకు తూలును. మనిషి నేలపై బడును. అందుచే తెలివిగల రైతు, మోట కట్టుటకు ముందు మోకు నంతయు చేతితో తడవి చూచెడివాడు.

ఇట్టి జాగ్రత్తయే ఆకాశయానమునందును అవసరమైనది. గ్లైడరు అనునది యంత్రము లేని విమానము. జర్మనీ దేశస్థుడు ఆటో లిలియెంతాల్ కొండలపైనుండి పరుగెత్తి దూకుచు గ్లైడరులలో వేలకొలది పర్యాయములు ఎగిరెను. 1896 ఆగస్టు 9వ తేదీన అతని గ్లైడరు ముక్కు పైకి లేచి, వేగము కోల్పోయి, సుమారు 15 మీటర్ల ఎత్తునుండి కూలెను. మరునాడు అతడు మరణించెను. వేగము లేనిదే రెక్కలు బరువును మోయజాలవని ఆ ప్రమాదము లోకమునకు తెలిపినది.

తరువాతి కాలమున గ్లైడరును త్రాటితో లాగి ఎగురవేయు పద్ధతులు ప్రబలినవి. మైదానము చివర నిలిపిన వించి యంత్రము పొడవైన ఉక్కు త్రాటిని చుట్టుకొనుచు గ్లైడరును గాలిపటమువలె పైకి లేపును. లేదా, యంత్రముగల విమానము దానిని వెంట లాగుకొనిపోవును. తగిన ఎత్తు చేరగనే చోదకుడు కొక్కెమును విడుచును. మన దేశమున పూనా చెంత హడప్సరునందు ప్రభుత్వ గ్లైడింగు కేంద్రము నెలకొన్నది. ఎన్.సి.సి. వైమానిక విభాగపు విద్యార్థులకును ఈ విద్య నేర్పబడినది.

గ్లైడింగు సంఘములవారు ఎగురుటకు ముందు ఒకచోట సమావేశమగుదురు. గాలి ఎటు వీచుచున్నది, సంకేతములు ఎవ్వరు చూపుదురు, త్రాడు తెగినచో ఎచ్చట దిగవలెను అను విషయములను నిర్ణయించుకొందురు. త్రాటిని పరీక్షింతురు. నలిగిన పోగులు, అనుకొనని ముడులు కనబడినచో దానిని వాడరు. ముడి త్రాటి బలమును మిక్కిలి తగ్గించును. అపాయము కనిపెట్టిన వారెవ్వరైనను, మిక్కిలి చిన్నవాడైనను, 'ఆగుడు' అని కేక వేయవచ్చును. ఆ కేక వినబడినంతనే ఎగురవేయుట ఆగవలెను. పెద్దల యెదుట మాటాడ సంకోచించి ఊరకున్నచో ఒక ప్రాణము పోవచ్చును.

ఇంకొక వింత కలదు. లాగుడు త్రాటిలో ఒక బలహీనమైన లంకెను బుద్ధిపూర్వకముగ అమర్తురు. లాగుడు మితిమీరినచో, రెక్కలు విరుగక మునుపే ఆ లంకె తెగిపోవును. చిన్న వస్తువు నశించి పెద్దదానిని కాపాడును. విమానముతో లాగించునపుడు గ్లైడరు హఠాత్తుగా మిక్కిలి పైకి పోయినచో, విమానపు తోక పైకెత్తబడి అది ముక్కు క్రిందుగా పడు అపాయము కలదు. కావున విమాన చోదకునకును త్రాటిని విడుచు సాధనము ఉండును. ఒక్క త్రాటిని ఇద్దరి ప్రాణములు ఆశ్రయించియుండును.

త్రాడు తెగినపుడు నిట్టనిలువుగ లేచుచున్న గ్లైడరు వేగము క్షణములలో తగ్గును. భయపడినవాడు ముక్కును ఇంకను పైకెత్తగోరును. అది లిలియెంతాల్ పాలిట మృత్యువైన స్థితియే. నేర్చినవాడు వెంటనే ముక్కును దింపి, వేగము నిలుపుకొని, కొక్కెమును విడిచి, ఎదుట చోటున్నచో తిన్నగా దిగును. తక్కువ ఎత్తున వెనుకకు మరలడు. ఈ ధైర్యము అప్పటికప్పుడు పుట్టునది కాదు. గురువు శిష్యుని ప్రక్కనుండి, ముందుగా తెలుపకయే కొక్కెమును విడిచి, పలుమారులు అభ్యాసము చేయించును.

మెట్టసీమ రైతు మోకును తడవి చూచుట పిరికితనము కాదు. ఆకాశమున కెగురువాడు త్రాటిని పరీక్షించుటయు పిరికితనము కాదు. అపాయమును ముందుగా తలపోసినవాడే, అది వచ్చినపుడు తొణకక నిలువగలడు.