ఆవర్జా నుండి సి.ఆర్.ఎం. వేదిక వరకు

ఉద్దేశం: వినియోగదారులతో తమకు గల సంబంధాలను వ్యాపార సంస్థలు కంప్యూటరు సహాయంతో నిర్వహించే తీరును, అందుకు తగిన వ్యవస్థను రూపొందించేవారు పాటించవలసిన సూత్రాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వర్తకానికి రొక్కం ఎంత అవసరమో, జ్ఞాపకశక్తి అంత అవసరం. ఏ ఇంటివారు ఏ బియ్యం కొంటారు, ఎవరు పంట చేతికి వచ్చిన తరువాత బాకీ తీరుస్తారు, ఎవరికి క్రిందటిసారి పుచ్చు పప్పు వెళ్లింది అనే సంగతులు ఊరి అంగడివాని మనసులో నిలిచి ఉంటాయి. మనసు చాలనప్పుడు అతడు చిట్టా, ఆవర్జాలను ఆశ్రయించాడు. చిట్టాలో వ్యవహారాలు జరిగిన వరుసలో వ్రాస్తారు. ఆవర్జాలో వాటినే ఖాతాల వారీగా విడదీసి వ్రాస్తారు. ఒక మనిషితో జరిగిన లావాదేవీలన్నీ ఒకే పుటలో కనబడడం ఆవర్జా వలన కలిగే ప్రయోజనం.

వ్యాపారం విస్తరించినకొద్దీ ఈ జ్ఞాపకం ముక్కలైంది. సరుకు అమ్మేవారు ఒకరు, బిల్లు వ్రాసేవారు వేరొకరు, మరమ్మతుకు వెళ్లేవారు మరొకరు. ఒకరికి తెలిసినది రెండవవారికి తెలియదు. వినియోగదారుడు తన గోడును ప్రతివారికీ మొదటినుండి చెప్పుకోవలసి వస్తుంది. ఈ లోపాన్ని సవరించడానికి పుట్టినదే వినియోగదారుల సంబంధాల నిర్వహణ వ్యవస్థ. దీనినే సంక్షిప్తంగా సి.ఆర్.ఎం. అంటారు.

1993లో అమెరికాలో థామస్ సీబెల్, పట్రీషియా హౌస్ కలసి స్థాపించిన సీబెల్ సిస్టమ్స్ ఈ రంగంలో అగ్రస్థానాన్ని అందుకొంది. 2006లో అది ఒరాకిల్ సంస్థలో విలీనమైంది. ఆ తరహా సాఫ్ట్‌వేరును కొన్న సంస్థ దానిని తన సొంత కంప్యూటర్లలో నెలకొల్పుకొని, నిర్వహణ భారాన్ని తానే మోయవలసి వచ్చేది. 1999లో మార్క్ బెనియాఫ్, మరి ముగ్గురు కలసి శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రారంభించిన సేల్స్‌ఫోర్స్ మరొక మార్గం చూపింది. సాఫ్ట్‌వేరును ఇంటర్నెట్ ద్వారా చందా పద్ధతిపై అందించింది. మైక్రోసాఫ్ట్ సంస్థ కూడా 2003లో తన సి.ఆర్.ఎం.ను విడుదల చేసింది. క్రమంగా ఇవి ఇతరులు తమ అవసరాలకు తగిన పరిష్కారాలను నిర్మించుకోదగిన వేదికలుగా మారాయి.

వేదిక అంటే పునాది, స్తంభాలు సిద్ధంగా ఉన్న మండపం వంటిది. ఖాతా, వ్యక్తి, అమ్మకపు అవకాశం, ఫిర్యాదు మొదలైన పట్టికలు అందులో ముందే ఉంటాయి. రూపకర్త వాటికి కొత్త గడులను చేర్చవచ్చు, కొత్త పట్టికలను కల్పించవచ్చు, ఒకదానితో మరొకదానికి సంబంధం ఏర్పరచవచ్చు. ఇందులో చాలా భాగం ప్రోగ్రాం వ్రాయకుండానే సాధ్యమవుతుంది. సౌకర్యాలు ఇన్ని ఉన్నందువల్లనే తొందరపాటుకు అవకాశం ఎక్కువ. ఏ సమాచారం అవసరమో నిర్ణయించుకోకుండా గడులు పెంచుకొంటూ పోతే వ్యవస్థ గందరగోళమవుతుంది.

ఒక ఉదాహరణ పరిశీలిద్దాం. వ్యవసాయ పంపుసెట్లు తయారుచేసే ఒక సంస్థ ఉన్నదనుకొందాం. వరి పొట్ట మీద ఉన్న సమయంలో ఒక రైతు మోటారు కాలిపోయింది. మరమ్మతు ఆలస్యమైతే పైరు ఎండిపోతుంది. రైతు ఫోను చేసిన వెంటనే అతని మోటారు ఏ రకమో, ఎప్పుడు బిగించారో, హామీ గడువు మిగిలి ఉన్నదో లేదో ఎదుటివారికి తెలియాలి. పరిష్కారాన్ని రూపొందించేవారు ఈ దృశ్యాన్ని కళ్ల ముందు ఉంచుకొని పని ప్రారంభించాలి.

మొదటి చిక్కు పేరు దగ్గరే ఎదురవుతుంది. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. తరచుగా దానిని ఒక పొడి అక్షరంగా కుదిస్తారు. సేల్స్‌ఫోర్స్‌లో వ్యక్తి వివరాలను నమోదు చేయాలంటే చివరి పేరు గడి నింపడం తప్పనిసరి. అక్కడ ఒక ఉద్యోగి ఇంటిపేరును, మరొకరు సొంత పేరును వ్రాస్తారు. ఇంగ్లీషు లిపిలో లక్ష్మి అనే పేరును కొందరు కె, ఎస్, హెచ్ అక్షరాలతోనూ, కొందరు ఎక్స్ అక్షరంతోనూ వ్రాస్తారు. ఫలితంగా ఒకే మనిషి మూడు చోట్ల ముగ్గురుగా నమోదవుతాడు. కాబట్టి పేరును ఏ పద్ధతిలో వ్రాయాలో ముందే నిర్ణయించి, మోటారు క్రమసంఖ్య వంటి స్థిరమైన గుర్తుతో సరిచూసే ఏర్పాటు చేయాలి.

రెండవ చిక్కు ఇంకా లోతైనది. బిల్లు భూమి యజమాని పేరున ఉంటుంది. మోటారు నడిపేది కౌలు రైతు. ఫోను ఆ ఇంటిలో చదువుకొన్న పిల్లవానిది. పట్టికలో వినియోగదారునికి ఒకే గడి ఉంటే పైరు నష్టపోయే కౌలు రైతు వ్యవస్థకు కనబడడు. మోటారుకు ఒక నమోదు, మనుషులకు వేరు నమోదులు కల్పించి, కొన్నవారు, వాడేవారు, కబురు అందించవలసినవారు అనే సంబంధాలతో వాటిని కలిపితే ఈ చిక్కు విడిపోతుంది. కౌలుదారు మారినప్పుడు సంబంధాన్ని మారిస్తే చాలు. మోటారు చరిత్ర చెక్కుచెదరదు.

నమోదు ఒక్కటే చాలదు, పని కూడా కదలాలి. ఫిర్యాదు అందగానే సమీపంలోని మెకానికుకు అది చేరాలి. నిర్ణయించిన గడువులోగా అతడు స్పందించకపోతే పై అధికారికి తెలియాలి. ఇటువంటి నియమాలను వేదికలో అమర్చవచ్చు. అయితే ఒకే వేదికను అనేక సంస్థలు పంచుకొంటాయి. ఒకరు నీరంతా తోడుకొంటే తక్కినవారికి బావి అడుగంటుతుంది. అందుచేత సేల్స్‌ఫోర్స్‌లో ప్రోగ్రాం సాధారణంగా ఒక వ్యవహారంలో 100 సార్లకు మించి సమాచార నిధిని ప్రశ్నించరాదనే పరిమితి ఉంది. 200 ఫిర్యాదులకు 200 సార్లు అడిగే ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతుంది. కావలసిన వివరాలను ఒక్క ప్రశ్నతో తెచ్చుకొనేది సాగిపోతుంది. సంతకు వెళ్లేవాడు జాబితా వ్రాసుకొని ఒకేసారి సరుకులు తెచ్చుకోవడం వంటిదే ఈ నేర్పు.

సమాచారం ఒకచోట చేరినప్పుడు దాని రక్షణ కూడా ముఖ్యమవుతుంది. మెకానికుకు రైతు చిరునామా కావాలి. అతని బాకీ వివరాలు అక్కరలేదు. మొదట తక్కువ అనుమతులిచ్చి, పనికి అవసరమైన మేరకే పెంచడం మంచి పద్ధతి. భారత పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. దీని నియమావళిని 2025 నవంబరులో ప్రకటించి, దశలవారీగా అమలుకు పూనుకొన్నారు. సమాచారాన్ని ఏ పని కోసం సేకరిస్తున్నారో ప్రజలకు స్పష్టంగా తెలపాలని, తప్పులను సవరింపజేసుకొనే హక్కు వారికి ఉన్నదని ఈ చట్టం చెబుతుంది. తగిన రక్షణ చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

చివరిగా, వ్యవస్థను వాడే ఉద్యోగిని మరువరాదు. పొలం గట్టున నిలబడిన మెకానికు ముప్పది గడులు నింపితే గాని ఫిర్యాదు ముగియదంటే, అతడు నోటికి వచ్చిన అంకెలతో వాటిని నింపుతాడు. నివేదికలు నిండుగా కనబడతాయి గాని నిజం కొరవడుతుంది. అందువల్ల తప్పనిసరి గడులు కొద్దిగా ఉండాలి. సెల్‌ఫోను సంకేతం అందని చోట కూడా వివరాలు వ్రాసుకొనే వీలుండాలి. అమలుకు ముందు ప్రయోగాత్మక ప్రతిలో, మెకానికుల చేతనే పరీక్షింపజేయాలి.

హైదరాబాదులో సేల్స్‌ఫోర్స్, మైక్రోసాఫ్ట్ సంస్థలకు పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. ఈ వృత్తిలో ప్రవేశించదలచినవారు కంప్యూటరు విద్యతో పాటు ఎదుటివారి మాటను ఓపికగా వినడం, సరైన ప్రశ్న వేయడం, విన్నదానిని అపార్థానికి తావు లేకుండా వ్రాయడం అభ్యసించాలి. కౌలు రైతు సంగతి ఏ పట్టికలోనూ ముందే వ్రాసి ఉండదు. ఊరికి వెళ్లి, మోటారు ఎవరిది, నడిపేది ఎవరు అని అడిగినవారికే అది తెలుస్తుంది.

అభ్యాసం

1. చిట్టాకు, ఆవర్జాకు గల భేదాన్ని తెలిపి, సి.ఆర్.ఎం. వ్యవస్థ వీటిలో దేనిని పోలి ఉన్నదో వివరించండి.
2. తెలుగువారి పేర్ల నమోదులో కలిగే ఇబ్బందులు ఏవి? వాటిని ఎట్లా నివారించవచ్చు?
3. కౌలు రైతు ఉదాహరణ ద్వారా రచయిత తెలిపిన రూపకల్పన సూత్రాన్ని సొంత మాటలలో వ్రాయండి.
4. మీ కళాశాల గ్రంథాలయానికి ఇటువంటి వ్యవస్థను రూపొందించవలసి వస్తే, ముందుగా ఎవరిని ఏయే ప్రశ్నలు అడుగుతారు?