తెల్లకర్రకు అందని అడ్డంకులు

గ్రామములో చూపులేని మనిషి ఇంటి అరుగు దాటి బజారునకు పోవలెనన్న, తోడు వచ్చువారి తీరిక కొరకు వేచియుండవలసి వచ్చుచున్నది. ఒంటరిగా నడచుటకు అతనికి కావలసినవి రెండు: చేతిలో తగిన సాధనము, కాలి క్రింద అడ్డులేని బాట. మొదటిది నేడు తక్కువ ధరకు లభించుచున్నది. రెండవది పంచాయతీ చేతిలోనే యున్నది.

1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున, ప్రమాదమువలన చూపు కోల్పోయిన జేమ్స్ బిగ్స్ అను ఛాయాగ్రాహకుడు, బండ్లు నడుపువారికి తాను స్పష్టముగా కానవచ్చుటకై తన చేతికర్రకు తెల్లరంగు వేసికొనెను. రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన అమెరికా సైనికులకు రిచర్డ్ హూవర్ అనునతడు, పొడుగు కర్రను అడుగడుగునకు కుడియెడమలకు కదల్చుచు నడచు పద్ధతిని నేర్పెను. గుంట, మెట్టు, రాయి మున్నగువానిని ఆ కర్ర కొన ముందుగనే తెలుపును.

అయితే కర్ర నేలమీది వానినే తాకును. వంగిన కొమ్మ, ముందుకు చొచ్చిన ఇంటి చూరు, నిలిపిన లారీ వెనుకభాగము కర్రకు తగులక నేరుగా రొమ్మునకో ముఖమునకో తగులును. ఒకసారి అట్టి దెబ్బ తిన్నవాడు మరల ఇల్లు వెడలుటకు జంకును.

ఈ లోటు తీర్చుటకై ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఆచార్య ఎం. బాలకృష్ణన్ గారి ఆధ్వర్యమున విద్యార్థులు, పరిశోధకులు "స్మార్ట్ కేన్" అను సాధనమును రూపొందించిరి. చెన్నైలోని ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ సంస్థ తయారుచేయగా అది 2014లో విడుదలయ్యెను. నాటి ధర సుమారు 3,000 రూపాయలు. ఇట్టి విదేశీ పరికరముల ధర దీనికి అనేక రెట్లు.

మడత తెల్లకర్ర పైభాగమున దీనిని పిడివలె బిగింతురు. ఇది చెవికి వినరాని ధ్వనిని ముందునకు పంపును. ఆ ధ్వని అడ్డంకికి తగిలి తిరిగివచ్చును. గబ్బిలము చీకటిలో దారి తెలిసికొనునది ఈ విధముగనే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. మోకాలు మొదలు తల వరకు గల ఎత్తులో, 3 మీటర్లలోపున అడ్డంకి యున్నచో పిడి అదరును; అడ్డంకి దగ్గరైనకొలది అదురు తీరు మారును. హెచ్చరిక చేతికే తెలియును గనుక, బండ్ల చప్పుడు వినుటకు చెవులకు ఆటంకముండదు. బ్యాటరీకి ఇంటిలోనే ఛార్జి పెట్టుకొనవచ్చును.

కాని నేలమీది గుంటను తెలుపుట నేటికిని కర్ర కొన పనియే. కావున కర్రతో నడచుట నేర్చిన పిదపనే దీనిని వాడవలెను. శిక్షణ లేక ఇచ్చిన పరికరము ఇంటి మూలన పడియుండును.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు మూడు:

1. గ్రామములోని చూపులేనివారి జాబితా వ్రాసి, 40 శాతమునకు తగ్గని వైకల్యమును తెలుపు ధ్రువపత్రము లేనివారిని ప్రభుత్వ వైద్య శిబిరమునకు పంపవలెను.

2. ఉపకరణముల కొరకు 1981లో ప్రారంభమైన ఏ.డి.ఐ.పి. అను కేంద్ర పథకము కలదు. ఆదాయ పరిమితికి లోబడినవారిచే జిల్లా సంక్షేమ కార్యాలయమున దరఖాస్తు పెట్టింపవలెను. శిక్షణ ఎచ్చట లభించునో అచ్చటనే విచారింపవలెను.

3. మురుగు కాలువలకు మూతలు వేయించి, పాడుబావుల చుట్టు గోడ కట్టించి, బాటమీదికి వ్రేలాడు కొమ్మలను, తీగలను తొలగింపవలెను.

వచ్చు గ్రామసభ నాటికి ఒక్క వీధినైనను ఇట్లు సరిచేసి, ఆ వీధిలోని చూపులేనివారు పరుల చేయి పట్టుకొనకుండ సభకు రాగలుగునట్లు చూడుడు.