ఎర్ర నేలల్లో కాకిబంగారం: అభ్రకం, పొటాష్ నిల్వలు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో కొత్తగా దున్నిన ఎర్ర నేలను ఎండలో పరిశీలిస్తే మట్టిలో సన్నని రేకులు తళుక్కుమంటాయి. పల్లెల్లో కాకిబంగారం అని పిలిచే ఈ రేకులే అభ్రకం. విద్యార్థులు సాధారణంగా దీనిని భూగర్భశాస్త్రానికి సంబంధించిన విషయమని భావించి వదిలివేస్తారు. నిజానికి ఈ ప్రాంతపు పంటల పొటాష్ పోషణను అర్థం చేసుకోవాలంటే ఈ రేకులతోనే మొదలుపెట్టాలి.

అభ్రకం పొరలు పొరలుగా ఉండే సిలికేట్ ఖనిజం. పొరలు గోటితో విడదీయగలిగినంత సులభంగా విడిపోతాయి. వేడిని తట్టుకోవడం, విద్యుత్తును ప్రసరింపనీయకపోవడం వలన విద్యుత్ పరికరాలలో దీనికి గిరాకీ ఏర్పడింది. గూడూరు ప్రాంతపు గనులు ఇందుకే ప్రసిద్ధి పొందాయి. అక్కడ లభించేది ప్రధానంగా తెల్ల అభ్రకం, అనగా మస్కొవైట్. మన ఎర్ర నేలలకు మూలమైన గ్రానైట్, నైస్ శిలల్లో నల్ల అభ్రకమైన బయొటైట్ చిన్న రేణువులుగా ఉంటుంది. అది శిథిలమవుతూ బంగారు వన్నెకు తిరుగుతుంది. వ్యవసాయదారునికి ముఖ్యమైనది ఈ రెండవదే.

రెండు పొరల నడుమ ఉండే గుంటలలో పొటాషియం అయానులు బిగుసుకొని, ఆ పొరలను కలిపి ఉంచుతాయి. శుద్ధమైన మస్కొవైట్‌లో పొటాష్ సుమారు 11.8 శాతం. అయినా అది అంత సులభంగా వదలదు. బయొటైట్‌లోని ఇనుము ఆక్సీకరణం చెందడం, వేర్లు విడుదల చేసే ఆమ్లాలు పనిచేయడం వలన దాని పొరల అంచులు త్వరగా విచ్చుకుంటాయి. మట్టి ద్రావణంలో పొటాషియం తగ్గినప్పుడు లోపలిది బయటకు వస్తుంది. ఈ క్రమంలో బయొటైట్ వర్మిక్యులైట్‌గా మారుతుంది. నర్సరీలలో వాడే ఉబ్బిన వర్మిక్యులైట్ ఈ ఖనిజాన్ని వేడిచేసి తయారుచేసినదే.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. హెక్టారు నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 22.4 లక్షల కిలోలు. అందులో కేవలం ఒక శాతం బయొటైట్ ఉండి, దానిలో 8 శాతం పొటాష్ ఉన్నదనుకుంటే, నిల్వ సుమారు 1,790 కిలోలు. భూసార పరీక్షలో కనిపించేది ఇందులో చాలా స్వల్పభాగం. అమ్మోనియం ఎసిటేట్ ద్రావణం వెలికితీసేది మట్టి ద్రావణంలోనూ, రేణువుల ఉపరితలంపైనా ఉన్న పొటాషియాన్ని మాత్రమే.

ఇక్కడే ప్రమాదం ఉన్నది. పైరు తీసుకున్నదానిని లోపలి నిల్వ పూరిస్తూ ఉంటే పరీక్షా ఫలితం ఏళ్ల తరబడి దాదాపు ఒకే విధంగా కనిపిస్తుంది. 'పొటాష్ సమృద్ధిగా ఉన్నది, వేయనక్కరలేదు' అని మనం సిఫారసు చేస్తాము. నేల మాత్రం లోలోపల ఖాళీ అవుతూ ఉంటుంది. ఇటువంటి సిఫారసులు ఉద్యోగపు తొలినాళ్లలో నేనూ చేశాను.

వేరుశనగలో ఈ నష్టం సులభంగా కంటపడదు. పొటాష్‌లో అధికభాగం కాయలో కాక కట్టెలో ఉంటుంది. ఆ కట్టె పశువుల మేతగా పొలం దాటిపోతుంది, పేడ తిరిగి ఏ మడికి చేరుతుందో చెప్పలేము. కట్టె ఎరువుగా తిరిగి వచ్చే పొలానికీ, అమ్ముడుపోయే పొలానికీ ఒకే సిఫారసు ఇవ్వడం సరికాదు. అట్లని కాయ ఊరే చోట పొటాష్ కుమ్మరించడమూ తగదు. అది కాల్షియంతో పోటీపడి తాలుకాయలను పెంచుతుంది. పొటాష్‌ను దుక్కిలోనే వేసి, జిప్సమ్‌ను పూత దశలో ఊడల వద్ద వేయడంలోని ఆంతర్యమిదే.

హిందూపురం పరిసరాల మల్బరీ తోటల విషయం వేరు. ఏడాదికి పలుమార్లు ఆకు కోసే వి-1 రకానికి నీటివసతి కింద హెక్టారుకు సంవత్సరానికి 140 కిలోల పొటాష్ సిఫారసు ఉన్నది. ఈ ఖర్చును అభ్రకంపై వదిలివేయడం నా దృష్టిలో తప్పు. ఖనిజం వదిలే వేగం కోతల వేగాన్ని అందుకోలేదు. పైగా విచ్చుకున్న పొరలు, నేల తడిసి ఆరుతున్నప్పుడు, మనం వేసిన పొటాషియాన్నే తిరిగి బిగించుకోగలవు. అందువలన ఒకేసారి కాక దఫాలుగా వేయాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు మండలానికి కొన్ని నమూనాలలోనైనా, పైమట్టికీ దిగువ మట్టికీ విడివిడిగా, మరిగే నార్మల్ నైట్రిక్ ఆమ్లంతో నిల్వ పొటాష్‌ను కూడా నిర్ణయించాలి. అదే పొలంలో ఐదారేళ్ల తరువాత మళ్లీ కొలిచినప్పుడు, ఎసిటేట్ విలువ కదలకపోయినా, ఈ రెండవ విలువ తగ్గుతున్నదేమో చూడాలి.