సాగరమిచ్చిన ఔషధాలు

ఉద్దేశం: సముద్రజీవుల నుండి ఔషధాలు ఏ విధంగా రూపొందుతాయో తెలియజేయడం, ఆ జీవులను సంరక్షించుకోవలసిన ఆవశ్యకతను గుర్తింపజేయడం.

దేవదానవులు పాలకడలిని చిలికినప్పుడు మొదట హాలాహలం పుట్టింది. ఎంతో శ్రమ తరువాతనే ధన్వంతరి అమృతకలశంతో వెలువడ్డాడు. కడలిలో విషమూ ఉన్నది, మందూ ఉన్నది. శ్రమించనిదే మందు చేతికి రాదు. పురాణం చెప్పిన ఈ మథనాన్ని నేడు రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో సాగిస్తున్నారు.

హైదరాబాదుకు సముద్రం 250 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. అయినా ఈ నగరానికీ సముద్రానికీ ఒక సంబంధం ఉన్నది. బోరబండ నుండి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట చేరిన రోగికి అక్కడ నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కనిపిస్తుంది. అటువంటి పెద్ద ఆసుపత్రులలో కొన్ని రకాల రక్త కాన్సర్లకు వాడే మందులలో సైటరాబిన్ ముఖ్యమైనది. ఆ మందు కథ సముద్రంలోని ఒక స్పంజికతో మొదలైంది.

స్పంజిక కదలలేని జీవి. దానికి పరుగెత్తే కాళ్లు లేవు, కరిచే కోరలు లేవు. అందువల్ల అనేక స్పంజికలు తమ దేహంలోని రసాయనాలనే ఆయుధాలుగా చేసుకొని శత్రువుల నుండి రక్షణ పొందుతాయి. 1945లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సేకరించిన ఒక స్పంజికలో వెర్నర్ బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్త కొన్ని వింత పదార్థాలను కనుగొన్నాడు. అవి డి.ఎన్.ఎ. నిర్మాణానికి తోడ్పడే న్యూక్లియోసైడ్లను పోలి ఉన్నాయి. కాని వాటిలో మామూలు చక్కెరకు బదులు అరాబినోజ్ అనే చక్కెర ఉన్నది.

ఈ చిన్న తేడాయే వైద్యానికి దారి చూపింది. ఆ తరహా నిర్మాణం గల సైటరాబిన్‌ను 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. వేగంగా విభజన చెందే కాన్సర్ కణం దీనిని తనకు కావలసిన పదార్థమేనని భ్రమించి స్వీకరిస్తుంది. అంతటితో డి.ఎన్.ఎ. పేర్పు ఆగిపోయి కణం నశిస్తుంది. 1969లో అమెరికాలో ఈ మందుకు ఆమోదం లభించింది. భారతదేశపు అత్యవసర ఔషధాల జాబితాలోనూ దీనికి స్థానం ఉన్నది. అయితే ఇది ఆరోగ్యవంతమైన కణాలను కూడా కొంత దెబ్బతీస్తుంది. రక్తకణాలు తగ్గి అంటువ్యాధులు సోకే ప్రమాదం ఉన్నది. కనుక వైద్యుల పర్యవేక్షణలోనే దీనిని వాడవలసి ఉంటుంది.

విషమే మందైన ఉదాహరణ కూడా ఉన్నది. కోనస్ జాతి నత్తలలో కొన్ని తమ విషంతో చేపలను కదలనీయకుండా చేసి తింటాయి. అట్టి ఒక నత్త విషంలోని పెప్టైడు ఆధారంగా జికోనోటైడ్ అనే మందు రూపొందింది. ఇతర మందులకు లొంగని తీవ్రమైన నొప్పిని తగ్గించడానికి దీనిని వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు. 2004లో దీనికి అమెరికాలో అనుమతి లభించింది.

అయితే మందుల కోసం సముద్రజీవులను విచ్చలవిడిగా పట్టవచ్చునా? జపాన్ శాస్త్రజ్ఞులు 600 కిలోల స్పంజికల నుండి హాలికాండ్రిన్-బి అనే పదార్థాన్ని కేవలం 12.5 మిల్లీగ్రాములు మాత్రమే రాబట్టగలిగారు. ఈ లెక్కన రోగులందరికీ మందు అందించాలంటే సముద్రంలో ఆ స్పంజికలే మిగలవు. ఈ చిక్కును రసాయన శాస్త్రం విడదీసింది. 1992లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆ పదార్థాన్ని కృత్రిమంగా నిర్మించారు. దాని నిర్మాణంలో ముఖ్యమైన భాగాన్ని అనుసరించి తయారైన ఎరిబులిన్ 2010 నుండి రొమ్ము కాన్సర్ చికిత్సకు ఉపయోగపడుతున్నది. ప్రకృతి నమూనాను ఇచ్చింది. మనిషి దానిని ప్రయోగశాలలో పునర్నిర్మించాడు.

ఈ విద్యలో హైదరాబాదుకు పేరున్నది. బోరబండకు అనతిదూరంలోని బాలానగర్‌లో ఒకప్పుడు ఐ.డి.పి.ఎల్. కర్మాగారం కృత్రిమ ఔషధాలను తయారుచేసి, నగరంలో ఔషధ పరిశ్రమ ఎదుగుదలకు పునాది వేసింది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, విశాఖపట్టణంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం మన తీరాలలోని స్పంజికలను, మృదు పగడాలను పరిశోధించాయి. శాస్త్రజ్ఞులు సముద్రజీవులలో వేలాది పదార్థాలను గుర్తించినా, మందులుగా ఆమోదం పొందినవి బహు కొద్ది. ఒక్కొక్క మందు వెనుక దశాబ్దాల ఓర్పు ఉన్నది.

పగడాలు, సముద్ర దోసకాయలు మొదలైన జీవులకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం జీవసంపద వినియోగాన్ని క్రమబద్ధం చేస్తున్నది. పరిశీలించక ముందే ఒక జీవజాతి అంతరిస్తే, దానిలో దాగిన మందు రహస్యం కూడా దానితోపాటే నశిస్తుంది. ఆ నష్టం తీరప్రాంతానికే పరిమితం కాదు. పంజాగుట్ట ఆసుపత్రిలో మందు కోసం ఎదురుచూసే రోగికి కూడా అది నష్టమే. సాగరాన్ని చిలకడం ఎంత అవసరమో, దానిని కాపాడుకోవడం అంతకన్న అవసరం.

అర్థాలు: మథనం = చిలకడం; అనతిదూరం = ఎక్కువ దూరం కానిది; ఆవశ్యకత = అవసరం.

ప్రశ్నలు
1. సైటరాబిన్ కాన్సర్ కణాన్ని ఏ విధంగా నశింపజేస్తుంది?
2. సముద్రజీవుల నుండి నేరుగా మందులు తీయడంలోని ఇబ్బందిని, దానికి శాస్త్రజ్ఞులు కనుగొన్న పరిష్కారాన్ని వివరించండి.