ఆరుబయట ప్రయోగశాల – బోరు దగ్గర నీటి పరీక్ష

కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ అనగానే మనకు ల్యాబ్ బల్లలు, బ్యూరెట్ స్టాండ్లు, పైన తిరిగే ఫ్యాను గుర్తుకు వస్తాయి. కానీ మన ఊళ్ళలో తాగే నీరు చేతిపంపులోంచో, బోరులోంచో వస్తుంది. ఆ నీటిని పరీక్షించాలంటే కొన్ని పరికరాలను ఎండలోకి, దుమ్ములోకి తీసుకువెళ్ళక తప్పదు. ఆ పరికరాలు ఎక్కువగా గదిలో వాడడానికి తయారైనవి. గది దాటిన తర్వాత ఏమేమి మారతాయో తెలియకుండా వాడితే అవి చూపించే అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఎం.ఎస్సీ.లో మేము నేర్చుకున్న, నీటి నమూనాల కోసం ఊళ్ళకు వెళ్ళినప్పుడు పాటించిన పద్ధతులు తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపయోగపడతాయని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎందుకింత జాగ్రత్త?

తెలుగు ప్రాంతాలకు ఫ్లోరైడ్ సమస్య కొత్త కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి ఉన్నదని 1937లోనే వైద్య పరిశోధకులు ప్రకటించారు. ఆ తర్వాత నల్గొండ పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయింది. పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి కూడా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే వచ్చింది. దానిని రూపొందించింది నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మి.గ్రా. వరకు ఉండవచ్చు. వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. ఈ రెండు అంకెల మధ్య తేడా అర మిల్లీగ్రాము మాత్రమే. మన కొలతలో తప్పు దానికంటే బాగా తక్కువగా ఉండాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఏది అక్కడ కొలవాలి? ఏది ల్యాబ్‌కు తేవాలి?

బయలుదేరే ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం ఇది. అన్ని పరికరాలూ మోసుకుపోవలసిన పని లేదు.

ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకత – ఈ మూడూ బోరు దగ్గరే కొలవాలి. భూమి లోపల నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది. నీరు పైకి రాగానే ఆ వాయువు మెల్లగా బయటకు పోతుంది, దానితో పీహెచ్ పెరుగుతుంది. సీసాలో పట్టి సాయంత్రం ల్యాబ్‌లో కొలిస్తే వచ్చేది ఆ సీసా నీటి పీహెచ్, బోరు నీటిది కాదు.

ఫ్లోరైడ్ అలా మారిపోదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి ల్యాబ్‌కు తెచ్చి నింపాదిగా కొలవవచ్చు. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వాడకూడదు, అది గాజుతో చర్య జరిపే అవకాశం ఉంది. ఎలక్ట్రానిక్ త్రాసును అసలే బయటకు తీయవద్దు. చిన్న గాలికే అంకెలు ఆడుతాయి, బల్ల సమంగా లేకపోతే తూకం తప్పుతుంది. కావలసిన రసాయనాలను ల్యాబ్‌లోనే తూచి, పొట్లాలుగా కట్టి, పేర్లు రాసి తీసుకువెళ్ళాలి.

వేడి చేసే మోసం

ఆరుబయట మనకు మొదటి శత్రువు వేడి. పీహెచ్ మీటరు నిజానికి కొలిచేది మిల్లీవోల్టులు. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ యూనిట్‌కు 59.2 మిల్లీవోల్టులు వస్తే, 40 డిగ్రీల దగ్గర 62.1 వస్తాయి. మీటరులో ఉష్ణోగ్రతను సవరించే ఏర్పాటు ఉంటే ఈ తేడాను అదే సరిచేస్తుంది. అయితే బఫర్ ద్రావణం కూడా వేడికి మారుతుందని చాలామంది మరచిపోతారు. 25 డిగ్రీల దగ్గర 9.18 ఉండే బోరాక్స్ బఫర్ 40 డిగ్రీలకు దాదాపు 9.07 అవుతుంది. అందుచేత బఫర్ సీసా మీద ముద్రించిన పట్టిక చూసి, ఆ ఉష్ణోగ్రతకు తగిన విలువతోనే మీటరును సరిచూసుకోవాలి. బఫర్ సీసాను కాసేపు బోరు నీటి బకెట్‌లో ఉంచితే రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వస్తాయి. ఖర్చు లేని ఉపాయం ఇది.

విద్యుద్వాహకత ఒక్కో డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. నీరు 35 డిగ్రీలు ఉన్నప్పుడు సవరణ లేని మీటరు 1200 మైక్రోసీమెన్స్ చూపిస్తే, 25 డిగ్రీల లెక్కకు అది సుమారు 1000 మాత్రమే. ఉష్ణోగ్రత రాయకపోతే ఆ 1200 దేనికీ పనికిరాదు.

కొలజాడీల మీద కూడా ఒక ఉష్ణోగ్రత ముద్రించి ఉంటుంది. మన దేశంలో తయారైన వాటి మీద సాధారణంగా 27 డిగ్రీలు అని ఉంటుంది. అందుకని ప్రమాణ ద్రావణాలను ఎండలో తయారు చేయకుండా ల్యాబ్‌లోనే చేసి తెచ్చుకోవాలి.

మీటరును ఎండలో గాని, మూసి ఉన్న జీపులో గాని వదలరాదు. ఎక్కువ వేడికి తెర నల్లబడి అంకెలు కనబడవు. చెట్టు నీడ, అది లేకపోతే గొడుగు – ఇవి కూడా పరికరాల జాబితాలో రాసుకోవాలి.

ఎలక్ట్రోడు సంరక్షణ

పీహెచ్ ఎలక్ట్రోడు కొసన ఉండే గాజు బుడగ ఎండిపోకూడదు. పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోసిన మూత తొడిగి తీసుకువెళ్ళాలి. డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచరాదు, అది కడగడానికి మాత్రమే. తుడిచేటప్పుడు రుద్దకుండా, మెత్తని కాగితంతో అద్దాలి. దుమ్ము లేచే చోట రీడింగు తీసుకోగానే మూత పెట్టేయాలి. ఊళ్ళో కరెంటును నమ్ముకోకుండా బ్యాటరీ మీటరు, దానితో పాటు అదనపు బ్యాటరీలు దగ్గర ఉంచుకోవాలి.

నమూనా పట్టే పద్ధతి

పంపు కొట్టగానే వచ్చే నీరు పైపులో నిలిచిన నీరు. కొన్ని నిమిషాలు నీటిని వదిలి, ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత నిలకడగా వచ్చిన తర్వాతే పట్టాలి. సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపాలి. చీటీ మీద పెన్సిల్‌తో రాయాలి. తడిస్తే పెన్ను సిరా కారిపోతుంది.

రంగును బట్టి ఫ్లోరైడ్‌ను అంచనా వేసే కిట్ వాడితే, రంగులను నేరుగా ఎండలో పోల్చకూడదు. నీడలో, వెనక తెల్ల కాగితం పెట్టి చూడాలి. కిట్ ఇచ్చేది అంచనా మాత్రమే, తుది మాట ల్యాబ్‌దే. మిగిలిన రసాయనాలను బోరు గట్టున పారబోయకుండా వేరే సీసాలో పోసి వెనక్కి తేవాలి.

ఒక చిన్న లెక్క

ల్యాబ్‌లో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో కొలిచేటప్పుడు ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే ఫలితంలో సుమారు 4 శాతం తేడా వస్తుంది. ఎండలోంచి తెచ్చిన వెచ్చని నమూనాను చల్లని ప్రమాణ ద్రావణాలతో పోల్చినందువల్ల 5 మిల్లీవోల్టులు తప్పాయనుకుందాం. ఫలితం సుమారు 21 శాతం మారుతుంది. అసలు 1.3 మి.గ్రా. ఉన్న నీరు కాగితం మీద 1.58 అవుతుంది. అంటే తాగదగిన బోరును మూసేయమన్నట్లు. తప్పు రెండో వైపు జరిగితే ఇంకా ప్రమాదం: 1.58 ఉన్న నీటిని 1.3 అని రాసి, పిల్లల చేత తాగించినట్లు. అందుకే నమూనాలు, ప్రమాణ ద్రావణాలు అన్నీ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగాలి. అయనిక బలాన్ని, పీహెచ్‌ను స్థిరపరచే ‘టిసాబ్’ బఫర్‌ను అన్నింటికీ ఒకే పాళ్ళలో కలపాలి. ఇనుము, అల్యూమినియం పట్టి ఉంచిన ఫ్లోరైడ్‌ను విడిపించేది కూడా ఈ బఫరే.

ముగింపు

ఆరుబయట కొలిచిన ప్రతి అంకె పక్కన సమయం, నీటి ఉష్ణోగ్రత, మీటరును ఏ బఫర్‌తో ఎప్పుడు సరిచూసినదీ రాయాలి. అవి లేని అంకెను ఎంత ఖరీదైన పరికరం ఇచ్చినా నమ్మరాదు. ఆ అంకెను నమ్మి ఒక తల్లి బిందె నింపుకుంటుంది, లేదా ఖాళీ బిందెతో ఇంకో వీధికి నడుస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీకు ఇప్పుడు మీటర్లు లేకపోవచ్చు. ఒక థర్మామీటరు, పీహెచ్ కాగితం, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. మన హాస్టల్ బోరు నీటిని వారానికోసారి, ఒకే వేళకు పరీక్షించి రాసిపెట్టండి. ఏడాది తిరిగేసరికి ఎండాకాలానికీ వానాకాలానికీ నీటిలో తేడా ఏమైనా ఉందేమో మీ నోటుబుక్కే చెబుతుంది. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ పట్టికను మీరు ప్రచురించాలని మా కోరిక.